రేంజరు దొర పేరు

"ఇంతకీ ఆ దొర పేరేంది?" అని మార్కాపురం కోర్టులో మెజిస్ట్రేటు అడిగితే మా ఊరోళ్లంతా తలకాయలు దించుకున్నారు. నాకు ఒళ్లు మండింది. మద్రాసు రాజ్యం నాటి మాట ఇది. కర్నూల్లో కలెక్టరైనా, దోర్నాలలో రేంజరైనా మాకు అందరూ దొరలే. వస్తే లేచి నిలబడేదే గానీ, పేరడిగిన మొగోడు ఒక్కడుంటేగా!

బోనులో ఉండేది మా ఆయన. కరువులో గొర్రెల్ని రిజర్వు అడవిలోకి తోలినాడని గార్డు పట్టుకొచ్చినాడు. తోలుకోమని రేంజరు దొరే చెప్పినాడని మా ఆయన మొత్తుకుంటాండాడు. ఆ దొర బదిలీ అయిపోయినాడు. ఆయన ముందూ వెనకా ఇంకెందరో వచ్చిపోయినారు.

"పేరు చెప్తే పిలిపిస్తా. లేకుంటే జైలే" అన్నాడు మెజిస్ట్రేటు.

ఆ పేరు నాకొక్కదానికే తెలుసు. దొర మా దొడ్డికాడికొచ్చి "మంద ఎవరిదమ్మా?" అని అడిగిననాడు మా ఆయన ఇంట్లో లేడు. మొగుని పేరు నేనెట్ల చెప్తా? మా అత్త చెప్పింది. దొర నవ్వి, "నా పేరూ అదే" అన్నాడు. మజ్జిగ తాగి, డొక్కలెండిన గొర్రెల్ని చూసి, అడవిలోకి తోలుకోమన్నాడు. ఆ మాట మా ఆయనకు చెప్పినా గానీ, పేరు సంగతి సిగ్గేసి చెప్పలేదు. అత్త ఆ ఏడే పోయింది.

లేచి నిలబడినా. "మా ఆయన పేరే సామీ. ఆయన్నే అడగండి."

"ముద్దాయినెట్ల అడుగుతాం? కాగితంలో ఆయన పేరున్నా, సాక్షివి నువ్వు. నీ నోటితో చెప్పు."

మొగుని పేరెత్తితే ఆయన ఆయుష్షు తరుగుతాదని మా అమ్మ నూరిపోసింది. ఆ పేరుగల దేవునికి కూడా పేరెత్తి మొక్కలేదు నేను. పలికితే ఆయుష్షు, పలక్కుంటే జైలు. అయ్యో, ఏ ఆడదానికీ రాకూడదు ఆ గడియ.

"రంగనాయకులు!" అన్నా, గట్టిగా.

"ఆఁ!" అని బోనులోంచి పలికినాడు మా ఆయన.

కోర్టంతా నవ్వింది. ఆయన మాత్రం పైగుడ్డతో కండ్లు తుడుచుకున్నాడు.

తర్వాతి వాయిదాకు ఆ దొర వచ్చి, నిజమే, నేనే చెప్పినానన్నాడు. కేసు కొట్టేసినారు. ఇంటికొచ్చే దోవలో మా ఆయన, "ఇంకోసారి పిలువే" అన్నాడు. "సిగ్గులేదా, నడువు" అని కసిరినా. ముసలోడయ్యేదాకా అడుగుతానే ఉండినాడు. నేను పిలవలేదు. ఎందుకొచ్చిన ముప్పు అని భయం.

మొన్న మాఘంలో పోయినాడు. మట్టికి ఎత్తేముందు పక్కన కూచోని, అందరూ వింటాండగా పేరుపెట్టి పిలిచినా.

పలకలేదు.