తుఫాను సొంతూరు

డిక్షనరీ ఆఫీసులో ఆ రోజు పని మామూలుగానే మొదలైంది. అందరూ పదాలమ్మ అని పిలిచే ఆవిడ ఫ్యాను వేసి, టేబుల్ తుడిచి, బయట బెంచీ మీద కూర్చున్న పదాలను ఒక్కొక్కటిగా లోపలికి పిలిచింది. కొత్త ముద్రణ వేసేముందు ప్రతి పదమూ స్వయంగా వచ్చి తన పుట్టుక చెప్పుకోవాలి. అక్కడి పద్ధతి అంతే. 'సబ్బు' చకచకా చెప్పేసి జారుకుంది.

తర్వాత 'తుఫాను' వచ్చింది. నిలువెల్లా తడిసి ఉంది. కూర్చోగానే కుర్చీ కింద నీళ్లు మడుగు కట్టాయి.

"మీది ఏ ఊరు?"

"అరబ్బుల దేశం. గుండ్రంగా తిరుగుతానని ఆ పేరు పెట్టారు."

"పోయినవారం చైనా అన్నారు. పెద్ద గాలి అని అర్థమన్నారు."

"అదీ అబద్ధం కాదు."

"అంతకుముందు గ్రీకు రాక్షసుడి పేరే మీ పేరన్నారు!"

"వాళ్లింట్లోనూ పెరిగాను."

పక్క టేబుల్ పెద్దాయన కళ్లజోడు పైనుంచి చూశాడు. "పండితులే తేల్చుకోలేదమ్మా. మూడూ రాసేసి పంపించెయ్."

పదాలమ్మ పంపించలేదు. మూడు చిరునామాలు చెప్పేవాడికి ఎవరైనా ఇల్లు అద్దెకిస్తారా?

ఇంతలో ఫోన్ మోగింది. తమ్ముడు. కొత్త పడవ కొన్నాడు, సముద్రంలోకి ఇదే మొదటిసారి.

"అక్కా, మధ్యాహ్నం బయల్దేరుతున్నా! ఆకాశం అద్దంలా ఉంది. నీకేం చేపలు కావాలో చెప్పు."

ఆమె నవ్వబోయి ఆగింది. కుర్చీలోది ఓరగా గడియారం వైపు చూస్తోంది.

"మళ్లీ చేస్తాన్రా" అని ఫోన్ పెట్టేసింది. "టైమెందుకు చూస్తున్నావ్?" మర్యాద ఎప్పుడు ఎగిరిపోయిందో ఆమెకే తెలీదు.

"ఊరికే."

"ఎక్కణ్ణుంచి వచ్చావో నాకక్కర్లేదు. ఇక్కణ్ణుంచి ఎక్కడికి పోతున్నావ్?"

తుఫాను చొక్కా అంచు పిండుకుంటూ కూర్చుంది.

"రేవుకి" అంది చివరికి. "సాయంత్రానికి."

ఇదీ అబద్ధమేమో. పదాలమ్మ లెక్క వేసుకుంది. అబద్ధమైతే తమ్ముడు ఓ పూట తనను తిట్టుకుంటాడు. నిజమైతే, తిట్టడానికి వాడే ఉండడు.

ఫోన్ తీసింది. "ఒరేయ్, పడవ ఒడ్డుకి లాగెయ్."

"పిచ్చా అక్కా నీకు? అందరూ నవ్వుతారు! ఎవరు చెప్పారు?"

"తుఫానే చెప్పింది. నా ఎదురుగానే కూర్చుంది."

అవతల తమ్ముడి కేక వినిపించింది: "తాళ్లు పట్టండ్రా!"

ఇసుక మీద పడవ రాసుకునే చప్పుడు చెవిన పడ్డాకే ఆమె ఫోన్ దించింది. ఎదురుగా కుర్చీ ఖాళీ. పెద్దాయన ఏమీ అడక్కుండానే లేచి, కిటికీలు ఒక్కొక్కటే మూస్తున్నాడు.