పలకల కార్ఖానాలో పదిహేనుమంది చుట్టాలు

అయ్యలారా, అమ్మలారా! మన మార్కాపురం సీమలో మనిషిని ఉత్త పేరుతో పిలిస్తే తిట్టినట్టు లెక్క. వరస కలపందే నోట మాట పెగలదు. తెల్లదొరల ఏలుబడి రోజుల్లో ఉమామహేశ్వర్లు శెట్టి పలకల కార్ఖానాలో ఆ వరసల మోత మరీ ఎక్కువగా ఉండేది.

"అల్లుడా, ఆ బండ ఇట్ల దొర్లించు." "అత్తా, పలకలు నున్నగా రుద్దినావా?" "తమ్ముడా పిచ్చయ్యా, రంపం జాగ్రత్త!"

ఆయనేమో వ్యాపారస్తుల ఇంటివాడు. పనికి వచ్చేవాళ్ళేమో చుట్టుపక్కల మెట్టరైతులు. అయినా వినేవాళ్ళకు అది కార్ఖానానో పెళ్ళివారి విడిదో తెలిసేది కాదు. మొత్తం ఇరవై ఇద్దరు పనివాళ్ళు. వాళ్ళలో ఎవరికైనా దెబ్బ తగిలితే గతేందన్న ఆలోచన మాత్రం ఆ ఆప్యాయతలో ఎక్కడా లేదు.

ఒకనాటి పొద్దున కర్నూలు నుంచి నరసింహారావు అనే ఇన్సూరెన్సు ఏజెంటు రైలు దిగి, జట్కా కట్టించుకొని, కార్ఖానాకు వచ్చినాడు.

"చట్టం వచ్చి చాలా ఏండ్లయింది శెట్టిగారూ. పనిలో కూలీకి వేలు పోయినా, కాలు పోయినా, ప్రాణమే పోయినా నష్టపరిహారం యజమాని ఇచ్చుకోవాల్సిందే. ఇవ్వనంటే మద్రాసు కమిషనరు ఇప్పిస్తాడు. మా దగ్గర ఇన్సూరు చేసుకుంటే ఆ బరువు మా కంపెనీది."

"ఖర్చెంతండీ?"

"ఏడాదికి మీరిచ్చే కూలి మొత్తం మీద నూటికి ఇంత అని ఉంటుంది. బండలూ రంపాలూ ఉన్న పని కాబట్టి, బట్టల దుకాణం కన్నా కాస్త ఎక్కువ పడుతుంది. ఇంతకూ కూలీలు ఎందరు?"

శెట్టి బుర్రలో దీపం వెలిగింది. కూలీలు తగ్గితే కట్టేదీ తగ్గుతుంది గదా!

"ఏడుగురు."

ఏజెంటు కళ్ళద్దాలు సర్దుకొని ఆవరణంతా చూసినాడు. రాతిపొడి పడి బూడిదరంగు తేలిన తలలు ఎటు చూసినా కనిపిస్తున్నాయి.

"మరి వీళ్ళంతా?"

"మా చుట్టాలు. ఏదో చేతిసాయానికి వస్తుంటారు. కావాలంటే అడిగి చూడండి."

ఏజెంటు ఒక్కొక్కరినే పిలిచి, "ఈయన నీకేమవుతాడు?" అని అడిగినాడు. పిచ్చయ్య చేతులు దులుపుకొని, "అన్న అవుతాడు సార్" అన్నాడు. ముసలి కోటమ్మ, "అల్లుడు నాయనా, బంగారం లాంటోడు" అని మెటికలు కూడా విరిచింది. పాపం, ఒక్కరూ అబద్ధం ఆడలేదు. రోజూ పిలిచే పిలుపే చెప్పినారు.

"పిచ్చయ్య సొంత తమ్ముడేనా?" అన్నాడు ఏజెంటు శెట్టి వైపు తిరిగి.

"సొంత తమ్ముడికన్నా ఎక్కువండీ!"

ఏజెంటు 'సొంత తమ్ముడు' అని రాసుకున్నాడు. "చూడండి, ఈ పదిహేనుమందిలో ఎవరికి ఏమైనా కంపెనీ పైసా ఇవ్వదు."

"మా చుట్టాల్ని మేం చూసుకోలేమా?" అని శెట్టి దర్జాగా సంతకం గీకినాడు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఈ తెలివితేటలు భార్య సీతారత్నానికి చెప్పుకొని మురిసిపోయినాడు. ఆమె మజ్జిగ పోస్తూ, "కోటమ్మ నీకు అత్తయితే మా అమ్మ నీకేమవుతుంది?" అని అడిగింది. శెట్టి ఇంకాస్త మజ్జిగ పోయించుకున్నాడు.

మూడు నెలలు తిరగలేదు. పేర్చిన బండలు జారి పిచ్చయ్య కుడిచేతి మీద పడినాయి. రెండు వేళ్ళు పోయినాయి. ఇంతసేపూ నవ్వుతూ చెప్పినాను గానీ, ఈ మాట నవ్వుతూ చెప్పలేను. హనుమంతునిపాడు దగ్గర వానల్లేక సేద్యం ఎండిపోతే, ఇద్దరు బిడ్డల్ని సాకేదానికి ఆ చేతినే నమ్ముకొని వచ్చినవాడు పిచ్చయ్య.

శెట్టి ఏజెంటుకు కబురు పంపితే, ఆయన కాగితాలు పట్టుకొని దిగినాడు.

"పిచ్చయ్య తమరి సొంత తమ్ముడు గదండీ. ఇదుగో, తమరి సంతకం."

"అయ్యో, ఉత్త వరసకు అన్నానండీ! మా కూలీ వాడు."

"అట్లయితే తమరు మాకు అబద్ధం రాసిచ్చినట్టు. ఆ ఏడుగురి ఇన్సూరెన్సు సంగతి కూడా తిరగదోడాల్సి వస్తుంది. పిచ్చయ్య పరిహారం ఎటూ తమరే ఇచ్చుకోవాలి."

"అయితే తమ్ముడేలెండి!" అన్నాడు శెట్టి కంగారుగా.

ఆ మాట వాకిట్లో నిలబడ్డ అంకాలమ్మ చెవిన పడింది. ఆమె పిచ్చయ్య పెండ్లాం. వెంటనే పోయి, ఒక ఘడియలో కుండలూ చాపా బిడ్డలతో సహా వచ్చి శెట్టిగారి వసారాలో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి ముట్టించింది.

"ఏందమ్మా ఇది?"

"ఉమ్మడి కాపురం బావా. తమ్ముడు గదా, కార్ఖానాలో సగం భాగం ఎప్పుడు పంచుతావు? కాదు కూలీ అంటావా, చట్టం ఇమ్మన్నది ఇయ్యి. ఏదో ఒకటి తేల్చు."

సీతారత్నం లోపలినుంచి చేటెడు బియ్యం తెచ్చి, "తోడికోడలా, ఎసట్లో పోయి" అంది. కోటమ్మ గోడ మీదుగా తొంగి చూసి, "అల్లుడా, పండక్కి అత్తకు చీరేదీ?" అని కేకేసింది. మిగతా పదముగ్గురు చుట్టాలు ఆమె వెనకే నిలబడి ఉన్నారు. శెట్టికి తలప్రాణం తోకకొచ్చింది.

"తమ్ముడా, నువ్వన్నా చెప్పరాదా?" అని బతిమాలినాడు.

కట్టుకట్టిన చేతిని గుండెకు ఆనించుకొని నిలబడ్డ పిచ్చయ్య నేలచూపు చూస్తూ, "నేనేం చెప్పేది అయ్యా" అన్నాడు.

'అయ్యా'! పదేండ్లుగా 'అన్నా' అన్న నోటి నుంచి ఆ మాట రావడంతో శెట్టికి నిజంగా సిగ్గేసింది. భాగం అడిగినప్పుడు పుట్టింది భయం. ఇది వేరు. కండ్లలో నీళ్ళు తిరిగినాయి. పెట్టె తెరిచి, చట్టం లెక్క ప్రకారం రావాల్సిందంతా ఆ పూటే ఇచ్చినాడు. చేయి మానినాక పలకలు లెక్కబెట్టే పని పిచ్చయ్యదే అని అందరి ముందూ చెప్పినాడు.

"ఏజెంటు గారూ, కొత్త కాగితం తీయండి. కూలీలు ఇరవై ఇద్దరు. ఖర్చు ఎంతయినా కడతాను. నోట్లో తీపి వరస పెట్టుకొని కాగితం మీద గొంతు కోసినాను, బుద్ధొచ్చింది."

ఏజెంటు ఈసారి ఊరికే నమ్మలేదు. పిచ్చయ్యను పిలిచి, కలం పట్టుకొని అడిగినాడు.

"నిజం చెప్పు. ఈయన నీకేమవుతాడు?"

పిచ్చయ్య శెట్టి మొహం ఒకసారి చూసి, చాలా రోజులకు నవ్వినాడు.

"పిలిచేటప్పుడు అన్న సార్, రాసేటప్పుడు యజమాని. ఆ రెండూ కలిపి రాయొద్దు, మా వేళ్ళు పోతాయి."