ఆ కాస్త ఈల

చెవి మేస్త్రి అంటే ఆ వీధిలో తెలియనివాడు లేడు. అమ్మా నాన్నా పెట్టిన పేరు వాళ్లతోనే పోయింది. మూరెడు రబ్బరు గొట్టం ఒకటి ఎప్పుడూ మెడలో వేలాడుతుంటుంది. ఒక కొస చెవిలో పెట్టుకుని రెండో కొసని ఇంజను మీద జరుపుకుంటూ పోతాడు. గాలి ఎక్కడ కారుతోందో, ఏ బోల్టు వదులైందో సరిగ్గా అక్కడే వేలు పెట్టి చూపిస్తాడు. కంప్యూటర్లు తగిలించి తేల్చలేనివాళ్లు కూడా చివరికి ఆ గొట్టం దగ్గరికే వచ్చేవాళ్లు. చదువు ఆరో తరగతిలోనే అటకెక్కింది గానీ, ఆ చెవి మాత్రం ఏ పరీక్షా తప్పలేదు.

చెవితో పాటు పొగరు కూడా వచ్చింది. శబ్దం ఉన్న బండి తన షెడ్డు దాటకూడదు. అదొక్కటే నియమం. బండివాడు కాళ్లావేళ్లా పడినా, పెళ్లికి ముహూర్తం దాటిపోతోందని ఏడ్చినా సరే. "నీకు వినపడట్లేదేమో, నాకు వినపడుతోంది" అనేవాడు. పోయిన బేరాలు పోయాయి, వచ్చిన పేరు వచ్చింది. పేరు అన్నం పెడుతుందా అని పెళ్లాం అడిగితే, పేరు లేనివాడు తినేది కూడా అన్నమేనా అని ఎదురు అడిగేవాడు. ఇలాంటి మాటలు చెప్పుకోవడానికి బాగుంటాయి.

ఒక ఉదయం బావ తన జీపు వేసుకుని వచ్చాడు. అక్క మొగుడు. రాతి క్వారీలో ఇరవై ఆరేళ్లు అదే జీపు నడిపాడు. క్వారీ మూతపడినప్పుడు పాత ఇనుములోకి పోవలసినదాన్ని అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి, కొండలెక్కడానికే పుట్టింది. ఇప్పుడు దానికీ వయసైపోయింది.

"ఏరా బామ్మర్దీ, బతికే ఉన్నావా?"

"నీ దీవెనలు తగలకుండా జాగ్రత్తపడుతున్నాను బావా."

బావ దిగి, మడ్‌గార్డు పట్టుకుని దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. మేస్త్రి అది చూడనట్టు బానెట్ ఎత్తి, అందులో ఏదో వెతుకుతున్నట్టు తల దూర్చాడు. క్వారీలో రోజూ సాయంత్రం బావ ఆ జీపు ఎయిర్ ఫిల్టర్ తీసి టైరుకేసి కొట్టి రాతి దుమ్ము దులిపేవాడు. ఇంజను ఊపిరితిత్తుల్ని అలా కాపాడుకొచ్చాడు. తన ఊపిరితిత్తుల్ని తీసి దులుపుకునే వీలు లేకపోయింది.

"దీనికి ఊపిరి పెంచాలిరా," అన్నాడు, దగ్గు తగ్గాక. "క్వారీ దారిలో ఆఖరి మెలిక తెలుసుగా. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా అక్కడ ఆగకుండా ఎక్కలేదు. సగంలోకి వచ్చేసరికి ఆయాసం వచ్చి నిలబడిపోతుంది. ఆపి, మొదటి గేరేసి, బతిమాలి ఎక్కించడమే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి రెండో గేర్లో ఆగకుండా ఎక్కాలి."

"ఇప్పుడెందుకు బావా ఈ ముచ్చట?"

"ఇంకెప్పుడు? ఎన్నాళ్లుందో డాక్టరు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. రెండో చేతి అవసరం రాలేదు."

మేస్త్రి స్పానరు చేతిలోకి తీసుకున్నాడు. బావే అతని మెడలోని గొట్టం లాగి, ఒక కొసని తన గుండెల మీద పెట్టుకున్నాడు. "విను. ఎక్కడ కారుతోందో తెలిస్తే బోల్టు బిగిద్దువు గాని."

విన్నాడు. రేకు మీద ఆకురాయి పెట్టి గీకినట్టుంది లోపల.

"ఏముంది?"

"ఏముంటుంది, ఖాళీ డబ్బా. మా అక్క ఎలా వేగిందో నీతో."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు మళ్లీ దగ్గులోకే పోయింది.

పని చిన్నదేమీ కాదు. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజనులోకి గాలిని వదిలే తలుపు ఉంటుంది, దాన్నే థ్రాటిల్ బాడీ అంటారు. ఆ జీపుకున్నది సన్నగొంతుది. పెద్ద ఇంజను నుంచి తీసిన వెడల్పాటి థ్రాటిల్ బాడీని పాత సామాన్ల కొట్టులో సంపాదించాడు. దాన్ని పాతదాని చోట కూర్చోబెట్టడానికి మధ్యలో అల్యూమినియం పలక కావాలి. దాని కింద, ఆ గాలిని ఇంజను లోపలికి పంచే మానిఫోల్డు నోరు కూడా వెడల్పు చెయ్యాలి, లేకపోతే అంత గాలీ మెట్టు తగిలి అక్కడే సుడి తిరుగుతుంది. తొందరపడేవాళ్లు మానిఫోల్డు బండి మీద ఉండగానే ఆకురాయి పట్టి, ఆ రజను ఇంజను పొట్టలో పోస్తారు. మేస్త్రి మొత్తం ఊడదీసి, బల్ల మీద పెట్టి, మూడు రోజులు ఆకురాయితో అరగదీశాడు. వేలు పెట్టి తిప్పితే గాజు గిన్నె అంచులా ఉంది. ఎదురింటి టైర్లవాడు తొంగి చూసి, ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీసేసి బయటికి కనపడే ఎర్ర ఫిల్టర్ పెట్టమన్నాడు, చూడ్డానికి బాగుంటుందట.

"దుమ్ము తాగి ఒకడు జబ్బుపడ్డాడు చాలదా?" అని కసిరాడు మేస్త్రి. మూతపడే పెట్టెనే ఉంచి, ఇంజను వేడి తగలని చోట, మడ్‌గార్డు వెనక నుంచి చల్లగాలి వచ్చేలా కొత్త గొట్టం వేశాడు.

తొమ్మిదో రోజున ఇంజను ఆడింది. యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే చాలు, పడుచుదానిలా ఎగిరింది. కాలు తీశాక మేస్త్రి గొట్టం చెవిలో పెట్టుకున్నాడు. పలక దగ్గర సన్నటి ఈల. దోమ చెవి దగ్గరికి రాబోయే ముందు ఉంటుందే, అంత. పలక వెంట్రుకవాసి వంగి ఉంది.

ఆ రోజే బావ ఎవరి బండో పట్టుకుని వచ్చి, టైరు మీద కూర్చుని ఉన్నాడు. ఇంజను ఆడగానే మొహం వెలిగింది.

"అబ్బ! ఏం లాగుతోందిరా! ఇంకేం, ఇలా తే తాళం."

"ఈల వేస్తోంది బావా."

"నాకు వినపడట్లేదు."

"నాకు వినపడుతోంది."

"ఎక్కుతుందా, ఎక్కదా? అది చెప్పు."

"అది కాదు బావా. శబ్దం ఉన్న బండి నా షెడ్డు దాటదు. నాలుగు రోజులు ఆగు, పలక మార్చి ఇస్తాను."

బావ అతని మొహంలోకి చూశాడు. "నేనూ శబ్దం ఉన్న బండినే కదరా. నన్ను రానిచ్చావుగా."

మేస్త్రి నవ్వేసి, బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. విప్పకుండా ఉండాల్సింది. బావ నెమ్మదిగా లేచి, బానెట్ మీద ఒకసారి చెయ్యి వేసి, వచ్చిన బండిలోనే వెళ్లిపోయాడు.

అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి అల్యూమినియం పలకని రుద్దాడు. ఈల సగమైంది గానీ పోలేదు. కొత్తగా మందపాటి పలక కోయించాలనుకున్నాడు. లేత్‌వాడు రేపన్నాడు. రేపటికి లేత్ మోటారు కాలింది. మోటారు చుట్టేవాడు ఎల్లుండి అన్నాడు. ఇంకో లేత్‌కి వెళ్లొచ్చు, కానీ అక్కడి పనితనం మేస్త్రికి నచ్చదు. నాలుగు రోజులు పది అయ్యాయి. పది పదిహేడయ్యాయి.

మధ్యలో అక్క ఫోను చేసింది. "ఇచ్చెయ్యరా తమ్ముడూ. రోజూ పొద్దున్నే క్వారీ బూట్లు వేసుకుని గుమ్మంలో కూర్చుంటున్నారు. మధ్యాహ్నానికి నేను విప్పుతున్నాను."

"వచ్చేస్తోందక్కా. ఇలా సగం సగం పని చేసిస్తే రేపు బావే నన్ను తిడతాడు."

"ఆయన తిట్టడానికైనా ఓపికుండాలి కదరా," అని పెట్టేసింది.

పదిహేడో రోజున కొత్త పలక కూర్చుంది. మేస్త్రి గొట్టం పెట్టి పలక చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఏమీ లేదు. అసలేమీ లేదు. తన జీవితంలో అంత శుభ్రమైన పని చెయ్యలేదు. ఆ మధ్యాహ్నమే జీపు నడుపుకుంటూ అక్క ఇంటికి వెళ్లాడు, దారి పొడుగునా మెచ్చుకోలు మాటలు తనే ఊహించుకుంటూ.

ముందు గదిలో మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం బుసకొడుతోంది. బావ ముక్కు దగ్గర గొట్టం. మనిషి సగమయ్యాడు. జీపు ఆగింది విని కళ్లు తెరిచి, "బూట్లు," అన్నాడు.

అక్క వేసింది. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని నడిపించారు. నడిపించారనడం గౌరవానికే. ఆక్సిజన్ గొట్టం గేటు దాకానే వచ్చింది. అక్కడే జీపుని ఆనించి, సీటులో కూర్చోబెట్టారు. బావ తాళం తిప్పాడు. ఇంజను ఆడింది. చెవి ఒగ్గి విని, "ఈల పోయిందిరా," అన్నాడు. అతనికి ఆ ఈల అప్పుడూ వినపడలేదు, ఇప్పుడూ వినపడదు. బామ్మర్ది కోసం అన్నాడు.

తర్వాత ఎడమ కాలు క్లచ్చు మీద పెట్టి నొక్కాడు. దిగలేదు. రెండు చేతులూ మోకాలి మీద వేసి నొక్కాడు. క్లచ్చు సగం కూడా దిగలేదు. నుదుటి మీద చెమట పట్టింది.

"క్లచ్చు కూడా మార్చావురా? బిగుసుకుపోయింది."

మేస్త్రి ఆ క్లచ్చుని ముట్టుకోనైనా లేదు.

"అవును బావా. కొత్తది కదా, నాలుగు రోజులు బిగుతుగానే ఉంటుంది."

"అదీ సంగతి." బావ తల ఊపాడు.

"పక్క సీట్లోకి జరుగు బావా, నేను ఎక్కిస్తాను. యంత్రాన్ని ఎలాగో వెనక పెడదాం."

"పక్క సీట్లో ఎక్కేది ఆఫీసర్లురా. నేను డ్రైవర్ని." కాసేపు స్టీరింగు మీద చేతులు ఉంచాడు. "దించండి ఇక."

ఆరో రోజున పోయాడు. బూట్లు ఆ వారం ఎవరూ అడగలేదు, ఎవరూ వెయ్యలేదు.

నెల తిరిగాక అక్క షెడ్డుకి వచ్చింది. బావ పోయాక మేస్త్రి తెచ్చి పెట్టిన జీపు అక్కడే ఒక మూల ఉంది. నేరుగా వెళ్లి పక్క సీట్లో కూర్చుంది. "ఆ మెలిక ఎక్కడుందో చూపించు," అంది. ఆమె ఎన్నడూ క్వారీ చూడలేదు. దుమ్ముపట్టిన చొక్కాలు ఉతకడమే ఆమె చూసిన క్వారీ.

దారంతా గులకరాళ్లు, ఎండిన ముళ్లపొదలు. మొదటి మెలిక, రెండో మెలిక. జీపు రెండో గేర్లోనే పోతోంది. ఆఖరి మెలిక రాగానే మేస్త్రి చెయ్యి తెలియకుండానే గేరు మీదికి వెళ్లింది. అవసరం రాలేదు. జీపు గుక్క తిప్పుకోకుండా, సొంత పెరట్లోకి పోతున్నట్టు ఎక్కేసింది. పైన తవ్వి వదిలేసిన గొయ్యి, తుప్పుపట్టిన ఒక క్రేను. అంతే.

"ఇంకెంత దూరంరా?"

"దాటేశాం అక్కా. ఇందాకటిదే."

అక్క వెనక్కి తిరిగి ఆ వంపును చూసింది. 

"ఒకటి అడుగుతాను. ఆయన షెడ్డుకొచ్చి తాళం అడిగారే, ఆ రోజు. ఆ కాస్త ఈలతో ఇది ఎక్కేది కాదా?"

కాదు అంటే సరిపోతుంది. మధ్యలో ఆగేదక్కా, ప్రమాదమయ్యేదక్కా అంటే నమ్ముతుంది. ఇంజనుల గురించి అతను చెప్పింది కాదనేవాడు ఆ వీధిలోనే లేడు. క్లచ్చు మాట చెప్పినంత తేలిగ్గా చెప్పొచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

"ఎక్కేదే అక్కా," అన్నాడు.

అక్క తిట్టలేదు. ఏడవలేదు. తిడితే బాగుండునని అతను స్టీరింగు పట్టుకుని ఎదురుచూశాడు. అక్క చీర కొంగుతో డాష్‌బోర్డు మీది దుమ్మును మెల్లగా తుడిచింది, ఇంట్లో బల్ల తుడిచినట్టు. మెడలో గొట్టం బరువుగా తగిలి, అతను దాన్ని తీసి కాళ్ల దగ్గర పడేశాడు.

"ఇది ఆడుతోందా, ఆగిపోయిందా?" అడిగింది. "ఏమీ వినపడట్లేదు."

"ఆడుతోందక్కా."

"ఆపెయ్."