మిగిలిన లాకు

కిరసనాయిల్లో రాత్రంతా నానితే పాతదీ కొత్తదానిలాగే మెరుస్తుంది, మెరుపు చూసి ఏం చెప్పగలం, వంకర చూడాలి, పాత లాకు ఊడదీసేటప్పుడు పటకారు ముక్కు తగిలి ఎంతో కొంత వంకర పోతుంది, దీనికి వంకరుందా, ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది, అనుకుంటూ తిరుపతిరావు స్కూటరు హ్యాండిలు ఒక చేత్తోనే పట్టుకుని రెండో చేత్తో చొక్కా జేబు తడుముకున్నాడు, ఉంది, ఎక్కడికి పోతుంది, చిన్నపిల్ల వేలి ఉంగరమంత ఉక్కుతీగ చుట్ట, పిస్టన్‌లో ఉండే పిన్ను పక్కకి జారిపోకుండా అటొకటీ ఇటొకటీ పెట్టే లాకు, ఒకటి లేకపోయినా బండి స్టార్టవుతుంది, కూత పెడుతుంది, పరిగెడుతుంది, దాంతో వచ్చిన చావే అది, అసలు స్టార్టవకపోతే ఎవడికీ ఏ బాధా లేదు, పరిగెట్టి పరిగెట్టి మంచి ఊపు అందుకున్నాక పిన్ను పక్కకి జరిగి బోరుని, అంటే పిస్టన్ ఆడే గొట్టాన్ని, గీరేస్తుంది, ఇంజను ఒక్కసారిగా బిగుసుకుపోతుంది, వెనక చక్రం తిరగడం మానేస్తుంది, మీదున్నవాడు మాత్రం ఆగడు, ఎగిరి ఎక్కడ పడతాడో వాడికే తెలీదు. మీదున్నది ఎవరో కాదు, చెల్లెలు హేమ మొగుడు, గౌరీశంకర్. పొద్దున్నే వచ్చి బండి తీసుకుపోయాడు, ఉద్దానంలో జీడితోటలూ కొబ్బరితోటలూ ఉన్న మనిషి, కూర్చుని తినొచ్చు, ఇసకలో మట్టిలో గెంతే ఈ టూ స్ట్రోక్ బండి పిచ్చి అతనికి ఏ దేవుడు పెట్టాడో, ఆదివారం బారువ ఒడ్డున పందెం ఉంది బావా, ఈ పూట వజ్రపుకొత్తూరు అవతల ఇసకలో ఆడించి చూసుకుంటానని చెప్పి, ఒక్క తన్నుతో లేపి, కాశీబుగ్గ బజారంతా నీలం పొగ వదిలి పోయాడు, మొదటి ట్యాంకు అయ్యేదాకా నెమ్మదిగా తోలమని చెప్పాడు తను, చెప్పినంత మాత్రాన వింటాడా, అయినా ఆ మోత సందు చివర తిరిగేదాకా విని నవ్వుకున్నాడు కూడాను, సిగ్గు లేకపోతే సరి, ఆ తర్వాత బల్ల కింద కిరసనాయిలు పళ్లెం కడగబోతే అడుగున ఇది కనిపించింది. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది, బండెక్కితే ఫోను సంచిలో పడేస్తాడు.

పూండి దగ్గర రైలు గేటు పడి ఉంది, పడకేం చేస్తుంది, అవతల జీడిగింజల లారీ, ఇవతల మంచినీళ్ల డబ్బాల వ్యాను, మధ్యలో ఎండ, స్కూటరు ఆపి చెమట తుడుచుకున్నాడు, నిన్న సాయంత్రం పని మొదట్నించీ మళ్లీ చేసుకురావాలి, వరసగా, తొందరపడకుండా, బోరు తుడిచాను, రింగులు ఎక్కించాను, మొదటి లాకు బల్ల దగ్గర కూర్చునే పెట్టాను, అది రూఢి, టిక్కుమంది, స్క్రూడ్రైవరు మొనతో తిప్పి కూడా చూశాను, గాడిలో తిరిగింది, టెక్కలిలో పని నేర్పిన పోలయ్య ఎప్పుడూ అదే చెప్పేవాడు, లాకు పెట్టినాక ఓసారి తిప్పి సూడాలిరా, కూకున్నాదో నేదో దాన్నే అడగాల, నిన్ను నువ్వు అడగకూడదు, తర్వాత ఇంజను నోట్లో గుడ్డ కుక్కాను, లాకు జారినా లోపల పడకుండా, పిస్టన్ పెట్టాను, పిన్ను తోశాను, రెండో లాకు తీశాను, తీశానా, తీశాను, పటకారుతో పట్టుకుని వంగాను, అప్పుడు ఫోను మోగింది, హేమ, భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఊఁ అన్నాను, నా మేనకోడలు గుంట వాళ్ల నాన్న హెల్మెట్టు పెట్టుకుని ఇల్లంతా తిరుగుతోందని చెప్పింది, కళ్లు కనపడక తలుపుకి గుద్దుకుంటోందని నవ్వింది, నవ్వుతూనే, నేను సెప్పింది గేపకముందా అన్నియ్యా అని అడిగింది, మళ్లీ ఊఁ అన్నాను, ఆ తర్వాత, ఆ తర్వాత గుడ్డ లాగేసి బోరు దించడం గుర్తుంది, మధ్యలో టిక్కుమనడం గుర్తులేదు, తిప్పి చూడడం గుర్తులేదు, ఎంత వెతికినా అక్కడ హేమ గొంతే ఉంది.

పక్కన ఎండుచేపల గంప దించుకుని నిలబడ్డ ముసలమ్మ తేరిపార చూసి, ఏటి బాబూ అలగైపోనావు, ఇంట్లో ఎవులికైనా బాగోనేదేటి అని అడిగింది, ఎవరికీ ఏం లేదమ్మా, ఒక బండి గురించి వెళుతున్నానని చెప్పాడు, బండికైతే ఇంత సెమటేటి బాబూ అని ఆవిడ గంప మీద గుడ్డ సర్దుకుంది. గూడ్సు బండి వచ్చింది, తాపీగా, దానికేం తొందర, తిరుపతిరావుకి ఒక సంగతి తట్టి కాస్త ఊపిరాడింది, డబ్బా, అవును డబ్బా ఉంది, కొత్త సామాను వచ్చిన డబ్బాలోనే పాత సామానంతా సర్ది బండివాడి చేతికిచ్చెయ్యడం పోలయ్య నాటి పద్ధతి, పాతది నీ కాడుంటే రేపు కొత్తదాన్లో కలిసిపోతాదిరా అనేవాడు, నిన్న కూడా అరిగిన పిస్టన్, రింగులు, పిన్ను, లాకులు కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టి పొద్దున్న గౌరీశంకర్ సంచిలో వేశాడు, లాకులు చూసి వెయ్యలేదు, చేతికందినవి వేశాడు, ఇప్పుడు ఆ డబ్బాలో పాత లాకులు రెండుంటే జేబులోది కొత్తది, అంటే లోపల ఒకటే ఉంది, డబ్బాలో ఒక్కటే ఉంటే జేబులోది దాని జత, లోపల రెండూ ఉన్నాయి, అంతే, ఇంజను విప్పక్కర్లేదు, డబ్బా విప్పితే చాలు, కానీ డబ్బా దగ్గరికి తను వెళ్లేలోపు అతను ఊపందుకోకుండా ఉండాలి.

గేటు లేచింది, లారీ లేచింది, దుమ్ము లేచింది, స్కూటరు లేవడానికి నాలుగు తన్నులు తన్నించుకుంది, ఊరందరి బళ్లూ బాగుచేసేవాడి బండి ఇలాగే ఉంటుంది మరి, జీడితోటల్లోంచి రోడ్డు, కిందటేడు గౌరీశంకర్ ఈ తోటల్లోనే ఎక్కడో పడ్డాడు, భుజం ఎముక విరిగింది, ఆటోలో పలాసకి తీసుకుపోతుంటే తన ఒళ్లో తల పెట్టుకుని, పళ్లు బిగించి, బండికేటవలేదు గదా బావా అని అడిగాడు, ఏమీ అవలేదంటే నవ్వాడు, తనూ నవ్వాడు, ఇద్దరికిద్దరూ సరిపోయారు, ఆసుపత్రి వరండాలో హేమ నవ్వలేదు, ఏడవలేదు, అన్న చేతులకున్న గ్రీజు వైపు చూస్తూ కూర్చుంది, ఆ చూపే ఇన్నాళ్లకి మొన్న షాపుకి నడిచొచ్చింది, ఖాళీ ఆయిలు డబ్బా తిరగేసి దాని మీద కూర్చుని, ఆయనకి నేను సెప్పలేను అన్నియ్యా, సెప్పినా నవ్వీసి ఊరుకుంతారు, నీ సేతిలో పనే గదా, ఆ బండి నడవకుండా సేసీ, నీకు తప్ప ఎవులికీ తెలీదు. ఎంత కోపం వచ్చిందని, నా చేత్తో కట్టిన ఇంజను నా చేత్తోనే చెడగొట్టమంటావా, అన్నం పెట్టే పని, నడవని బండికీ నడుస్తూ నడుస్తూ ఆగే బండికీ తేడా తెలుసా నీకు అని కసిరాడు, హేమ లేచి గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది, మొన్న బుజం ఇరిగింది, రేపు మెడ ఇరిగితే నువ్వు నాకేటి సెప్తావు అన్నియ్యా, అని అడిగింది, సూద్దాంలే అన్నాడు, కసిరినవాడు ఆ ముక్క ఎందుకనాలి, చెయ్యనంటే చెయ్యనని ఊరుకోవచ్చు కదా.

అప్పుడు స్కూటరు తనంతట తనే నెమ్మదించింది, తన చెయ్యే వదిలేసిందేమో, చెయ్యి, అదే, ఈ కుడిచెయ్యి, ఇది ఎన్ని లాకులు పెట్టి ఉంటుంది, ఫోను మోగితే మరిచిపోయే చెయ్యా ఇది, మరిచిపోలేదేమో, హేమ గొంతు చెవిలో ఉండగా ఊఁ అన్నది నోరు, విన్నది చెయ్యి, చెల్లెలు అడిగింది కాదనలేక తన తలకి తెలియకుండా లాకుని పళ్లెంలో వదిలేసిందేమో, ఛ, ఏం ఆలోచనలివి, అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా, నడవకుండా చెయ్యమని అడిగింది పిచ్చిది, చంపమని అడగలేదు, దానికేం తెలుసు, తనకి తెలుసు కదా, తెలిసిన చెయ్యి అలా ఎందుకు చేస్తుంది, చెయ్యదు, చేస్తే, అసలు ఈ పిచ్చి అతనొక్కడిదేనా, టూ స్ట్రోక్ బళ్లన్నీ జనం తుక్కుకింద అమ్మేసుకుంటుంటే ఈ ఒక్క ఇంజను కోసం ఏడాదంతా ఎదురుచూసేది ఎవరు, బోరు కన్నాలు నున్నగా రుద్ది, ఇంకా లాగుతుంది చూడు బావా అని ఎగదోసింది ఎవరు, మా బావ కట్టిన ఇంజను అని అతను పదిమందిలో అంటుంటే మీసం దువ్వుకున్నది ఎవరు, ఏ మొహం పెట్టుకుని వద్దంటాడు, వద్దని ఒక్కసారైనా అన్నాడా, హేమ నెంబరు ఫోనులో వెలిగింది, ఎత్తలేదు, ఎత్తితే ఏం చెప్పాలి, చక్రాలు ఇసకలోకి దిగాయి.

సరుగుడు తోట అవతల్నించి మోత వినిపించింది, బతికే ఉన్నాడు, స్కూటరు ఆపేసి విన్నాడు, దూరంగా పోతోంది, తిరుగుతోంది, వస్తోంది, ఎక్కడా టకటకా లేదు, గలగలా లేదు, తీగ లాగినట్టు సాఫీగా ఉంది, అయితే ఏం, పిన్ను జరగబోయే ముందు చెప్పి జరుగుతుందా, చెప్పులు ఇసకలో దిగబడుతుంటే వాటిని అక్కడే వదిలేసి పరిగెత్తాడు, అరిచాడు, సముద్రం హోరులో తన గొంతు తనకే వినపడలేదు, గౌరీశంకర్ ఒడ్డు చివరికంటా పోతున్నాడు, నీలం పొగ, కాలిన ఆయిలు వాసన, ఒడ్డుకి లాగి పెట్టిన పడవ అంచుకి సంచి వేలాడుతోంది, సంచిలో డబ్బా, డబ్బాలో కాగితం, పిస్టన్, రింగులు, పిన్ను, లాకు, ఒకటి, మడతలు విప్పాడు, తువ్వాలు పరిచి దాని మీద అంతా బోర్లించాడు, కాగితం దులిపాడు, డబ్బా మూలల్లో వేలు పెట్టి తిప్పాడు, ఒకటే, ఒక్కటే, జేబులోది తీసి పక్కన పెడితే రెంటికీ ఒకేచోట సన్నటి అరుగుడు గీత కనిపించింది, జతే, అంటే కొత్తవి రెండూ లోపలే ఉన్నాయి, చెయ్యి తప్పు చెయ్యలేదు, తల వినకపోయినా తన పని తను చేసింది.

ఇప్పుడు గుండె కుదుటపడాలి. పడలేదు, అయ్యో అనిపించింది, స్పష్టంగా అయ్యో అనే అనిపించింది, ఎందుకలా అనిపించిందో తెలిసేసరికి పడవకి ఆనుకున్నాడు, డబ్బాలో రెండుంటే బాగుండేదని దారంతా మనసులో ఏదో మూల కోరుకున్నాడు, రెండుంటే బండి ఆపొచ్చు, తన నోటితో వద్దనకుండా, లాకు మీద పెట్టి, ఇంటికి తోసుకుపోవచ్చు. మోత దగ్గరికొచ్చింది, గౌరీశంకర్ బండి ఆపి, ఇంజను ఆపకుండానే హెల్మెట్టు తీసి, ఏటి బావా ఇలగొచ్చీసినావు, సెప్పులేవి అని నవ్వాడు, మొహమంతా ఇసక, చిన్నపిల్లాడి సంబరం, తిరుపతిరావు పిడికిట్లో లాకు గుచ్చుకుంటోంది, ఇప్పుడైనా చెయ్యి చాపి చూపిస్తే చాలు, ఇదొకటి పెట్టకుండా మిగిలిపోయింది బావా, తోలకు, విప్పాలి, ఆదివారానికి అవదు, అంటే చాలు, గౌరీశంకర్ మారుమాట అనడు, బావ చెప్పాడంటే అంతే, తన చేతుల్తో తనే షాపుదాకా తోసుకొస్తాడు, హేమ ఇవాళ నిద్రపోతుంది, ఎవరికీ ఎప్పటికీ తెలీదు, ఆ తర్వాత వచ్చే పందేనికి ఏం మిగలాలి, రింగా, బోల్టా, మొగుడికి చెప్పలేక హేమ అన్న చేతిని అడిగింది, బావకి చెప్పలేక అన్న లాకుని అడిగాడు, ఇనప ముక్కలన్నిటినీ అడిగారు, ఈ మనిషిని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు, నవ్వేస్తాడని, నవ్వితే నవ్వనీ, ఈ పని చేతిది కాదు, నోటిది. లాకుని దాని జత పక్కన పడేసి డబ్బా మూసి, బండి బాగుంది అన్నాడు, మోతలో వినపడక గౌరీశంకర్ ఇంజను ఆపి, ఏటన్నావు బావా అని అడిగాడు, సముద్రం ఒక్కటే మిగిలింది, బండి బాగుంది, దానికేటీ నేదు, నువ్వు దానెక్కితే నాకు బయమేత్తంది బావా, హేమకీ బయమేత్తంది, నీకు సెప్పలేకపోనాం, అన్నాడు తిరుపతిరావు.