నాలుగో మడత

ప్యాంటు నడుము దగ్గర కుట్టు విప్పుతుండగా, దాని యజమాని మళ్ళీ లావెక్కాడని దర్జీకి అర్థమైపోయింది. "ఇదే ఆఖరు, రేపట్నుంచి నడక మొదలెడుతున్నా" అని పోయినసారి ఒట్టేసి వెళ్ళిన మనిషే. దర్జీ ఎవరికీ చెప్పడు. వీధిలో ఎవరి నడుమెంతో, ఎవరి భుజం వంకరో, ముప్పై ఏళ్ళుగా అతనికొక్కడికే తెలుసు. అవన్నీ ఫోను నంబర్లతో సహా లావుపాటి కొలతల పుస్తకంలో ఉన్నాయి. ఆ పుస్తకం మీదే అతను కూర్చుంటాడు. స్టూలు పొట్టిది కావడం ఒక కారణం, ఎవరూ తొంగి చూడకుండా ఉండటం రెండోది.

కొత్త బట్టలు కుట్టడం మానేసి చాలాకాలమైంది. జనం రెడీమేడ్ కొంటున్నారు, అవి ఎవరికీ సరిపోవడం లేదు. ఆ సరిపోకపోవడం మీదే అతని సంసారం నడుస్తోంది. మనిషికి నోట్లో నాలుక లేదు. కాదనడం అసలే చేతకాదు. ఎవరేమడిగినా "చూద్దాం" అంటాడు. తెలిసినవాళ్ళు దాన్ని "కాదు" అని అర్థం చేసుకుని వెళ్ళిపోతారు. మిగిలినవాళ్ళతోనే చిక్కు.

ఆ మిగిలినవాళ్ళలో మొదటివాడు రేడియో. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చునేవారు. వీణ్ణి కట్టేయడానికి మీట లేదని పంతులుగారు విసుక్కున్న రోజునుంచీ ఆ పేరు స్థిరపడిపోయింది. పదింటికల్లా ఆ రేడియో నల్లకోటు తగిలించుకుని దిగాడు. కోటు చేతులు వేళ్ళను మింగేశాయి. చెయ్యి కలపబోతే దర్జీకి ముందు గుడ్డ దొరికింది, ఆ తర్వాతే స్నేహితుడు దొరికాడు.

"ఒరేయ్, ఇవాళ్టితో నీ దశ తిరిగిపోతుంది!" అంటూ బల్ల మీద ఒక పొడి డబ్బా పెట్టాడు. "పొద్దున్నే ఒక్క చెంచా. మోకాళ్ళు, షుగరు, జుట్టు, నిద్ర, అన్నిటికీ ఇదే. నీ కింద ముగ్గుర్ని చేరుస్తావు. వాళ్ళ కింద తలా ముగ్గురు. వాళ్ళ కింద మళ్ళీ తలా ముగ్గురు. ఇక నువ్వు మిషను తొక్కక్కర్లేదు. కాలు మీద కాలేసుకు కూర్చోడమే."

దర్జీ ఓ పాతగుడ్డ మీద సుద్దముక్కతో లెక్క వేసుకుంటూ పోయాడు. పదో వరసకి గుడ్డా అయిపోయింది, ఊరూ అయిపోయింది.

"మన ఊళ్ళో ఇంతమంది లేరేమోరా?"

"పక్క ఊరుంది కదా!"

తర్వాత రేడియో గొంతు తగ్గించాడు. వాడు గొంతు తగ్గించగలడని దర్జీకి ఇన్నేళ్ళుగా తెలియదు.

"సాయంత్రంలోగా ఇంకొక్కణ్ణి చేరిస్తే కంపెనీలో నేను సిల్వర్ మెంబర్ని అవుతాను. ఐదింటికి మీటింగు. నువ్వొస్తున్నావు. ఆ కొలతల పుస్తకం కూడా పట్రా. తెలిసినవాళ్ళు వందమంది పేర్లివ్వాలి. వెయ్యిమందిని కింద పెట్టుకుని ఊరికే కూర్చున్నావు కదరా!"

"చూద్దాం."

"అదీ మాట! నాలుగింటికొస్తా. ఈలోగా ఈ చేతులు కాస్త పొట్టి చేసిపెట్టు."

కోటు విప్పి ఇచ్చి, వెళ్ళిపోయాడు. దర్జీకి పని మీద మనసు నిలవలేదు. దుకాణం తెరిచిన కొత్తలో ఈగలు తోలుకుంటూ కూర్చుంటే, ఐదు గుండీలూ ఒకేసారి ఊడిన చొక్కాతో వచ్చినవాడు వీడే. మర్నాడు ఇంకో చొక్కా తెచ్చాడు. దానికీ గుండీల్లేవు. బేరం తగిలేదాకా వారం రోజులు అలా వచ్చాడు. అలాంటివాడితో కాదని ఎలా చెప్పడం? సరే అని పుస్తకం ఇచ్చేస్తే, నమ్మి నడుము చూపించిన వీధి మొహం ఎలా చూడటం?

మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన భార్య డబ్బాని ఇటూ అటూ తిప్పి చూసింది.

"మోకాళ్ళకీ జుట్టుకీ ఒకటే మందా? అయితే గిన్నెలు కూడా తోముకోవచ్చు."

"వాడు మనవాడే."

"మనవాడు కాబట్టే భయం. ఏమన్నారు మీరు?"

"చూద్దామన్నా."

"అయితే చేరిపోయినట్టే. చూద్దాం చూద్దామంటేనే మనింటికి రెండు నీళ్ళ ఫిల్టర్లు వచ్చాయి. మూడోది తగిలించడానికి గోడ కూడా లేదు," అని ఆవిడ క్యారేజీ సర్దుకుని వెళ్ళిపోయింది.

దర్జీ కోటు అందుకున్నాడు. ఏ బట్ట వచ్చినా ముందు తిరగేసి లోపలివైపు చూడటం అతని పద్ధతి. పైకి అన్నీ బాగానే ఉంటాయని అతనికి తెలుసు. చెయ్యి తిరగేసి అస్తరు విప్పితే, లోపల మూడు వరసల పాత సూది బెజ్జాలు కనిపించాయి. ఒక వరసలో నల్లదారం తునక, ఒకదాంట్లో నీలం, ఒకదాంట్లో తెలుపు. ఒకడు పొడుగు, ఒకడు మరీ పొట్టి, ఇంకొకడు మధ్యస్థం. ముగ్గురి కోసం మూడుసార్లు మడిచి విప్పిన కోటు అది. దర్జీ నాలుగో మడత పెట్టి గుండుసూదులు గుచ్చాడు. కుట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు.

నాలుగింటికి రేడియో రాగానే దర్జీ ఆ కోటు చెయ్యి అతని ముందు పరిచాడు.

"ఈ కోటు నీకెవరిచ్చారురా?"

"నా పైవాడు. సిల్వర్ కాబోయేవాడికి ఇస్తారు. గౌరవం!"

"అతనికి?"

"అతని పైవాడు."

"నీకంటే ముందు ముగ్గురు తొడిగారు దీన్ని. ఇప్పుడేం చేస్తున్నారు వాళ్ళంతా?"

రేడియో బెజ్జాల మీద వేలు పెట్టి మెల్లగా తడిమాడు. "ఒకాయన మానేశాడట. ఇంకొకాయన ఎక్కడున్నాడో తెలీదు."

"నీ పైవాడు?"

"రెండ్రోజులుగా ఫోనెత్తడం లేదు."

"మరి మీటింగు ఎవరు పెడుతున్నారు?"

"నేనే."

దర్జీకి నవ్వొచ్చింది, ఆ వెంటనే జాలేసింది. పుస్తకం మీద ఇంకాస్త గట్టిగా కూర్చున్నాడు. "పుస్తకం ఇవ్వను," అన్నాడు. ఆ మాట తన నోటినుంచే వచ్చిందంటే అతనికే నమ్మకం కలగలేదు. "నేను చేరనురా." రెండోసారి కాస్త తేలిగ్గా వచ్చింది.

దుకాణంలో గోడగడియారం ఉందని ఆ రోజే ఇద్దరికీ వినిపించింది. "టీ తాగొస్తా," అని రేడియో లేచి, కోటు తీసుకోకుండానే వెళ్ళాడు.

ఐదైంది. ఆరైంది. లావుపాటి మనిషి వచ్చి ప్యాంటు తీసుకుని, రేపట్నుంచి నడక అని ఒట్టేసి వెళ్ళాడు. దర్జీ మిషను మీద ముసుగు కప్పుతుండగా ఫోను మోగింది.

"బస్సెక్కేశానురా. మా తమ్ముడి ఊరు. వాడి కొట్లో మనిషి కావాలన్నాడు. ఇక్కడ అందరి ఇళ్ళలోనూ నా డబ్బాలే ఉన్నాయి, ఏ గుమ్మంలోనూ తలెత్తలేను."

"ఎప్పుడొస్తావు?"

"చూద్దాం."

ఆ మాటకు అర్థం దర్జీకి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

"ఒరేయ్," అన్నాడు రేడియో, "అప్పట్లో ఆ గుండీలన్నీ నేనే తెంపుకొచ్చేవాణ్ణి. తెలుసా?"

"తెలుసు. అరిగి ఊడిన దారం వేరు, లాగితే తెగిన దారం వేరు."

"మరి అననేలేదే?"

"అంటే రావడం మానేస్తావని."

అవతల బస్సు హారను మోగింది. కోటు సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

దర్జీ దీపం ఆర్పి, తలుపు సగం వేసి, ఒకసారి వెనక్కి చూశాడు. కోటు మేకుకు వేలాడుతోంది. ఒక చెయ్యి ఇంకా తిరగేసే ఉంది, నాలుగో మడతకు గుచ్చిన గుండుసూదులతో.