దాగని గొంతు

మా ఊళ్ళో ధర్మయ్య గొంతు తెలియనివాళ్ళు లేరు. రేషన్ బియ్యం వచ్చినా, కరెంటు బంద్ ఉన్నా, పశువులకు సూదులు వేసే డాక్టరు వచ్చినా ఆయనే డప్పు భుజానికి తగిలించుకుని వాడవాడా తిరిగి చాటేవాడు. ఏ చాటింపైనా ఒకే మాటతో ముగించేవాడు. "ఇన్నోళ్లు ఇననోళ్లకు చెప్పుండ్రి." వాళ్ళ తాత నుంచి వచ్చిన మాట అది. ఆయన నాకు చుట్టం కాదు, అయినా చిన్నప్పటి నుంచి మామా అనే పిలుస్తాను.

మొన్న వానాకాలంలో అటవీ ఆఫీసు వాళ్ళు ఇద్దరు మోటర్ సైకిల్ మీద వచ్చి ధర్మయ్య చేతిలో ఒక కాగితం పెట్టారు. ఆయనకు చదువు రాదు, నేనే రెండుసార్లు చదివి వినిపించాను. నెమళ్ళనో జింకలనో ఎవరైనా చంపితే ఈ నంబరుకు ఫోన్ చేయాలి, చెప్పినవాళ్ళ పేరు బయటికి రాదు అని అందులో ఉంది. ఆయన రెండు రోజులు చాటాడు. ఊరు విని ఊరుకుంది. చాటిందీ ఆయనే, నమ్మిందీ ఆయన ఒక్కడే.

నా చేను పక్కనే సుదర్శన్ ఇరవై ఎకరాల చెలక. ఊళ్ళో సగం మందితో విత్తనాల కంపెనీకి సీడ్ పత్తి వేయించేదీ, పండినాక ఎత్తుకుపోయేదీ ఆయనే. ఆయన వద్దంటే ఆ ఏడు పత్తిని ఏ కుక్కా ముట్టదు. దీపావళి ముందు ఆయన చెలకంతా పల్లీ వేశాడు. కుంట కట్ట మీది తుమ్మల్లోంచి నెమళ్ళు దిగి విత్తనాలు గెలికి తినడం మొదలుపెట్టాయి. నష్టమే, కాదనను. నా అరెకరం పల్లీ కూడా తిన్నాయి, నేను నోటికొచ్చినట్టు తిట్టాను. సుదర్శన్ తిట్టలేదు. ఒకరోజు పొద్దున్నే జొన్నల్లో గుళికల మందు కలిపి గట్ల వెంట చల్లుతున్నాడు.

"ఏంది అన్నా గది?" అని అడిగాను.

"దాణా" అన్నాడు.

నేను ఇంకేం అడగలేదు. నా సీడ్ పత్తి ఏరేదాకా వచ్చి ఉంది.

మూడో రోజుకు కుంట చుట్టూ పదకొండు నెమళ్ళు పడి ఉన్నాయి. మందు తిన్నాక దప్పికైందేమో, నీళ్ళ దాకా వచ్చి పడిపోయాయి. మేకలు తోలుకుపోయిన ధర్మయ్య కంట పడ్డాయి. ఒక పిల్ల ఇంకా బతికే ఉందట. దోసిట్లో నీళ్ళు పట్టి తాగించబోతే మెడ వెనక్కి విరుచుకుని ఆయన చేతిలోనే పోయిందట. తిన్నగా నా దగ్గరికి వచ్చి, తన చిన్న ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"ఆ నంబరు జర ఒత్తియ్యి అల్లుడా."

"మనకెందుకు మామా? తెల్వనట్టు ఉండు."

"పేరు బయటికి రాదని ఊరంత తిరిగి చెప్పింది నేనే గద. ఇప్పుడు నేనే ఊకుంటే, నేను చెప్పింది అబద్ధమైతది."

నంబరు నొక్కి ఇచ్చి దూరంగా వెళ్ళి నిలబడ్డాను. నాకు భయం. ఆయన నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని మాట్లాడాడు.

ఆఫీసు వాళ్ళు వచ్చేసరికి రెండు రోజులు పట్టింది. ఆలోపు సుదర్శన్ నెమళ్ళను పూడ్పించి, పైన ట్రాక్టరుతో దున్నించాడు. వాళ్ళు గట్టు మీద అటూ ఇటూ తిరిగి, చల్ల తాగి వెళ్ళిపోయారు. ఆ మర్నాడే ధర్మయ్య ఫోన్‌లో చెప్పిన మాటల రికార్డింగు సుదర్శన్ సెల్లోకి వచ్చింది. ఎవరు పంపారో ఇప్పటికీ తెలియదు.

చాయ్ హోటల్లో పదిమంది ఉండగా సుదర్శన్ దాన్ని పెట్టి వినిపించాడు. తువ్వాల చాటు నుంచి ముద్దముద్దగా వస్తున్న మాటలు ఎవరివో ఎవరూ పోల్చుకోలేదు. నేను తలొంచుకుని చాయ్ తాగుతున్నాను. కుంట, జొన్నలు, పదకొండు నెమళ్ళు, అన్నీ చెప్పాక చివర్లో, అలవాటు ఎక్కడికి పోతుంది, ధర్మయ్య ఆఫీసు ఆయనతో కూడా అన్నాడు: "ఇన్నోళ్లు ఇననోళ్లకు చెప్పుండ్రి."

నాకు నవ్వు ఆగలేదు. "మామ ఆఫీసోళ్లకు గూడ సాటింపు జేసిండు" అనేశాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఊరికే అనలేదు. నాతో పాటు ఇద్దరు ముగ్గురు నవ్వారు. సుదర్శన్ నవ్వలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని లేచి వెళ్ళాడు.

ఆదివారం పెద్దమనుషులు కూర్చున్నారు. ఇకనుంచి చాటింపు పంచాయతీ మైకుది, ధర్మయ్యది కాదు. పెళ్ళికైనా చావుకైనా ఆయన డప్పును పిలవకూడదు. ఆయన మేకలు కుంట వైపు రాకూడదు. కాదని పిలిచినవాళ్ళు తప్పు కింద డబ్బు కట్టాలి. అంతా అయ్యాక, ఈ సంగతి ఊరికి చెప్పేదెవరని ఒకాయన అడిగాడు. మైకు ఇంకా కొననే లేదు.

"ఆయన్నే చెప్పమనుండ్రి" అన్నాడు సుదర్శన్. "ఆయన గొంతైతే అందరికీ ఎర్కనే."

నేనూ అక్కడే ఉన్నాను. ఒక్క మాట మాట్లాడితే ఏమయ్యేదో తెలియదు, మాట్లాడలేదు. ఆ సిగ్గు నాకు ఇంకా పోలేదు.

సాయంత్రం డప్పు మోగింది. ధర్మయ్య వాడవాడా తిరిగాడు. తన గురించి కాదు, ఇంకెవరి గురించో చెప్తున్నట్టు చెప్పాడు. "డప్పు ధర్మయ్యను ఇయ్యాల్టి సంది ఎవ్వలు పిలవొద్దు. పెండ్లికి పిలవొద్దు, సావుకు పిలవొద్దు. పిలిస్తే తప్పు పడ్తది." సొంత ఇంటి ముందు కూడా ఒక్క మాట తగ్గించలేదు. భార్య పెంటమ్మ గడపలో నిలబడి అంతా విని, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

చివరికి మా ఇంటి ముందుకు వచ్చాడు. అదే మాట చెప్పి, మూడు దెబ్బలు కొట్టి, వెనక్కి తిరిగాడు. నేను ఎదురుచూస్తున్న మాట రాలేదు. ఊరికే ఉండలేక, ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను.

"మామా, ఆఖరి మాట మర్చిపోయినవ్."

ఆయన ఆగాడు. నా మొహంలోకి చూశాడు. కోపం లేదు, అది ఉన్నా బాగుండేది.

"ఇననోడు ఎవడున్నడు అల్లుడా?" అన్నాడు.