పది నిమిషాల ఆవిరి

ఎర్రగా కాగిన లోహపు ఆక్సైడ్ గుళికల మీదుగా సహజవాయువును పంపితే, గుళికల్లోని ఆక్సిజన్‌తో కలిసి ఎరువులకు ముడిసరుకైన సింథసిస్ గ్యాస్ తయారవుతుంది. ఆక్సిజన్ పోగొట్టుకున్న గుళికలకు ఆ తర్వాత గాలి పట్టి, మళ్లీ ఆక్సిజన్ ఎక్కించాలి. ఈ రెంటి మధ్యా పది నిమిషాలు ఆవిరి వదిలి, రియాక్టర్లో మిగిలిన గ్యాసును బయటికి తోసెయ్యాలి. ఆ పది నిమిషాలంటేనే మన షిఫ్టు ఇన్‌చార్జికి ఒళ్లుమంట. ఆవిరి పోతున్నంతసేపూ ఉత్పత్తి సున్నా మరి! ఆరు నిమిషాలకే గాలి వాల్వు తెరిచి, రిజిస్టర్లో పది అని రాసేవాడు. ప్రతి నెలా ఆయన షిఫ్టే ముందు. రెండేళ్లు కాలరెగరేసుకుని తిరిగాడు.

పోయిన నెల మిగిలిన గ్యాసూ గాలీ కలిసి, ఢామ్మని రియాక్టరు మూత ఎగిరిపోయింది. పక్కనే ఉన్నది ఫిట్టరు, ఇన్‌చార్జికి స్వయానా బావమరిది. ప్రాణం దక్కింది, అదే పదివేలు. విచారణకొచ్చినవాళ్లు రిజిస్టరు చూసి, ఆవిరి సరిగ్గానే వదిలారన్నారు. ముందురోజు గ్యాసు వాల్వు బిగించింది ఫిట్టరే కనక, అదే కారిందని తేల్చేశారు. ఇన్‌చార్జి కుక్కిన పేనులా కూర్చున్నాడు. ఇంట్లో భార్య తమ్ముణ్ని తలుచుకుని ఏడుస్తూనే వడ్డించేది, ఈయనకు ముద్ద దిగేది కాదు. సిగ్గుతో చచ్చిపోయేవాడు. అయినా నోరు విప్పితేనా!

ఇవాళ భోజనాల వేళ బావమరిది కట్టుతోనే క్యాంటీన్‌కి వచ్చి, ఆయన పక్కన కూర్చున్నాడు.

"బావా, తప్పు ఒప్పుకుంటూ సాయంత్రం సంతకం పెట్టాలట. ఉద్యోగం పోతే పోయింది, పెడతాను. కానీ పదిహేనేళ్లుగా బిగిస్తున్నానా, ఏ బోల్టు దగ్గర మర్చిపోయానో ఎంత ఆలోచించినా తట్టటంలేదు. కళ్లు మూస్తే ఆ వాల్వే. నీకు తెలిసే ఉంటుంది. ఎక్కడ తప్పు చేశాను?"

 వీడు చొక్కా పట్టుకుని తిట్టినా బాగుండేదనుకున్నాడు ఇన్‌చార్జి. పళ్లెంలోకి చూస్తూ గొణిగాడు.

"నువ్వేం మర్చిపోలేదురా. ఆవిరి నేనే ఆరు నిమిషాలకి ఆపేశాను. తప్పు నాది."

బావమరిది కుర్చీ దగ్గరికి లాక్కుని, తల అటు తిప్పి రెండో చెవి పెట్టాడు.

"ఆ చెవి పేలుడుకే పోయింది బావా. కాస్త గట్టిగా చెప్పు."

క్యాంటీన్ నిండా షిఫ్టు జనం. ఇన్‌చార్జి లేచి నిలబడి, గట్టిగానే చెప్పాడు.